సెయిలింగ్‌కి వెళ్ళినవాళ్ళ ఇళ్ళ జాబితా అపార్ట్‌మెంట్ సంఘం పెట్టుకోవాలా?

గాజువాక కార్యదర్శి
నేవీ క్వార్టర్లు దొరక్క గాజువాక, మల్కాపురం, మర్రిపాలెం వైపు అద్దెకుంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఓడ బయల్దేరితే ఇంట్లో ఇల్లాలూ పిల్లలే. అలాంటి ఫ్లాట్ల నంబర్లు, ఆయన తిరిగొచ్చే తేదీ, ఒక ఫోన్ నంబరు సంఘం వాట్సాప్ గ్రూపులో పెడదామని మా కార్యవర్గంలో కొందరంటున్నారు. రాత్రిపూట బిడ్డకి జ్వరమొస్తే ఎవరో ఒకరు పలుకుతారు కదా అని. మీరేమంటారు?

సింధియా మాజీ నావికుడు
సాయం చెయ్యండి, జాబితా మాత్రం వద్దు. తిరిగొచ్చే తేదీ అంటే ఓడ కదలికే. ఒకే ఓడవాళ్ళు నలుగురు ఒకే కాంప్లెక్సులో ఉంటే ఆ గ్రూపు చదివినవాడికి ఇంకేం కావాలి? 2019 డిసెంబరులో ‘డాల్ఫిన్స్ నోస్’ ఆపరేషన్‌లో, నేవీ సమాచారం పాకిస్తాన్‌కి చేరవేశారన్న ఆరోపణపై మన రాష్ట్ర ఇంటెలిజెన్స్ వాళ్ళు నావికులను అరెస్టు చేశారు. ఆ తర్వాతే ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు బంద్. వాళ్ళ చేతిలో ఫోన్లు తీసేసి, అదే కబురు మనం గ్రూపులో టముకు వేస్తామా? మగదిక్కు లేని ఇళ్ళు ఏవో దొంగకి కూడా మనమే చూపించినట్టు.

మర్రిపాలెం
తేదీ తీసేయండి, ఒప్పుకుంటా. కానీ హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబరు 12న కరెంటూ పోయింది, సెల్ టవర్లూ పోయాయి. తుఫానంటే ఓడలు సహాయ సామగ్రితో సిద్ధంగా ఉండాలి, అంటే ఇంటికి మనిషి కావాల్సిన రోజే ఆయన డ్యూటీలో ఉంటాడు. సిగ్నలే లేనప్పుడు ఆయన పనిచేసే యూనిట్‌కి ఫోన్ చేసేదెలా? ఏ తలుపు తట్టాలో పక్కింటివాళ్ళకైనా తెలియాలి.

బ్యాంకు కౌంటర్
తుఫాను ఎప్పుడో గానీ రాదు. ఓటీపీ రోజూ వస్తుంది, అదీ ఆయన నంబరుకే. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు కోడ్ అడుగుతాడు, అది సముద్రంలో ఉన్న ఫోనుకి పోతుంది. ఫోను ఇంట్లోనే వదిలేసినా, 90 రోజులు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే ప్రీపెయిడ్ సిమ్ ఆగిపోవచ్చు. కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంచాలి.

కాబట్టి ఓడ కదలకముందే: గ్యాస్ కనెక్షన్, స్కూలు యాప్‌లలో ఆమె నంబరు. ఆమె ఆధార్‌కి ఆయన నంబరు లింకై ఉంటే కేంద్రానికి ఆమె ఒక్కతే వెళ్ళి వేలిముద్ర వేసి మార్చుకోవచ్చు, ఆయన అక్కర్లేదు. జాయింట్ అకౌంట్ ఉందని ధీమా పడకండి, దానికీ ఓటీపీ ఒక్క నంబరుకే పోతుంటే లాభం లేదు. ఆయన ఖాతా నుంచి ఆమె సొంత అకౌంటుకి నెలనెలా డబ్బు దానంతటదే వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టించండి. జీతం నెలాఖరున పడుతుంది గనక తేదీ 2 గానీ 3 గానీ వేయాలి. 28 అని రాస్తే ఖాతాలో డబ్బు లేక ట్రాన్స్‌ఫర్ ఫెయిలవ్వచ్చు.

కోర్టు రోడ్డు
ఇల్లు కొనే పనిలో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఆయన తరఫున దస్తావేజు దాఖలు చేయడానికి నోటరీ చేయించిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చాలదు. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఎదుట రాసి ధ్రువీకరించుకున్నది కావాలి. స్థలం తగాదాలకి 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) సైనిక కుటుంబాల న్యాయసాయానికి మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయత యోజన ఉంది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

గాజువాక కార్యదర్శి
అయితే మర్రిపాలెం గారి తలుపు సంగతి?

సింధియా మాజీ నావికుడు
ఆ తలుపేదో ఆమెనే ఎంచుకోనివ్వండి. అదే ఫ్లోరులో తనకి నచ్చిన ఒక్క ఇల్లు. ఒక కవరులో యూనిట్ ఫోన్ నంబరు, ఆయన సర్వీస్ నంబరు, డిపెండెంట్ కార్డు జిరాక్సు, పిల్లల బ్లడ్ గ్రూపు, వాడే మందుల పేర్లు పెట్టి, అంటించి ఆ ఇంట్లో ఇవ్వాలి. వాచ్‌మన్‌కి ఇవ్వకండి, వాచ్‌మన్లు మారిపోతుంటారు. రాత్రి దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాల్సొస్తే వెంటనే నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణికి కబురు చెప్పాలి, లేకపోతే బిల్లు దగ్గర పేచీ.

మర్రిపాలెం
ఇది బాగానే ఉంది. కానీ బీహార్, హర్యానా నుంచి కొత్తగా వచ్చినామె ఆ ఒక్క ఇల్లూ ఎలా వెతుక్కుంటుంది? మన నోటీసు బోర్డు మీద నీళ్ళ ట్యాంకరు టైముతో సహా అన్నీ తెలుగులోనే ఉంటాయి. ముందు అది హిందీలో కూడా రాయించండి కార్యదర్శిగారూ, దానికి ఎవరి జాబితా అక్కర్లేదు.