ఓటుకి డబ్బు తీసుకోవడమే తప్పా, తీసుకుని ఇంకొకడికి వేయడం తప్పా?

తెనాలి మాస్టారు:
నీతి అడుగంటిపోయింది అంటే చాదస్తం అంటారు గానీ ఒక్క విషయం ఆలోచించండి. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నిక, మరుసటేడు మునుగోడు. జనం రోడ్డెక్కింది డబ్బు పంచుతున్నారని కాదు, మాకు అందలేదని! టీవీ కెమెరాల ముందు, మొహం కూడా దాచుకోకుండా. ఒకప్పుడు లంచం పుచ్చుకునేవాడు కనీసం తలుపు దగ్గరికేసి పుచ్చుకునేవాడు, ఆ సిగ్గు కూడా పోయింది. పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లిన సుందరయ్యగారు పుట్టిన నేల ఇది. నాయకులు మారాలి అని ఎదురుచూడటం దండగ, ముందు మనం చెయ్యి చాపడం మానాలి. ఎవరైనా కాదనగలరా?

కోనసీమ కుర్రోడు:
ఇస్తే తీసుకో, నచ్చినోడికి వేసుకో. అయిపోయె.

తెనాలి మాస్టారు:
@కోనసీమ కుర్రోడు అది ఇంకా ఘోరం. తీసుకోవడం ఒక తప్పు, తీసుకుని మాట తప్పడం రెండో తప్పు. ఒక తప్పుని ఇంకో తప్పుతో కడుక్కుంటావా నాయనా?

విశాఖ సుజాత:
మాస్టారూ అంటే డబ్బు తీసుకున్నవాళ్లు వాడికే వేస్తే ఒక్క తప్పే అంటారా?? మా అమ్మ చేత అమ్మవారి ఫొటో మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నారు. అమ్మకి ఆ మనిషంటే అస్సలు పడదు, అయినా వాడికే వేసొచ్చింది, ఒట్టు తప్పితే పిల్లలకేమన్నా అవుతుందేమో అని భయం. ఇక్కడ పాపం ఎవరిది, అమ్మదా, దేవుణ్ణి తెచ్చి లంచానికి జామీను పెట్టినవాడిదా?

ప్లీడరు గుంటూరు:
చట్టం మాట చెప్తాను. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ దోషులే. అప్పట్లో ఐపీసీ సెక్షన్ 171బి, 2024 జులై నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 170. ఏడాది దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. బిర్యానీ, మందు లాంటివైతే జరిమానాతో సరి. పుచ్చుకుని ఎవరికి వేశావన్నది చట్టానికి అక్కర్లేదు.

నల్గొండ పోరడు:
సార్ మీరు టీవీల చూసిన్రు, నేను మా వాడకట్టుల చూసిన. ఎట్ల పంచుతరో చెప్త. ఓటర్ లిస్టు జిరాక్స్ కాపీ ఉంటది, ఇంటింటికి ఎన్ని ఓట్లో చూసి కవర్ ఇచ్చి పేరు పక్కన పెన్సిల్‌తోని టిక్ కొడతరు. పట్నంల ఉన్నోళ్లకు ఫోన్‌పే, పైంగ బస్సు కిరాయి. పైనుంచి వచ్చింది ఒక లెక్క, ఇంటికి చేరేది ఇంకో లెక్క, నడుమ ఉన్నోడు మింగుతడు. రోడ్డెక్కినోళ్లు అడిగింది గదే, మా పేరు మీద వచ్చిన పైసలు ఎవడు తిన్నడు అని. గది మీకు సిగ్గులేనితనం లెక్క కొట్టింది. మింగినోడు మాత్రం మీ నీతి లెక్కల యాడా రాలే.

తెనాలి మాస్టారు:
దొంగసొమ్ములో వాటా తగ్గిందని పంచాయితీ పెట్టడాన్ని హక్కుల పోరాటంలా చెప్తున్నావు బాబూ. నా ప్రశ్నకి జవాబు రాలేదు, తీసుకోవడం తప్పా కాదా?

గచ్చిబౌలి జీవి:
ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. 2 లక్షల ఓటర్లుంటే తలకి 20 రూపాయలు. ఆ లెక్క ప్రకారం గెలిచినోళ్లంతా అసెంబ్లీలో కూర్చుని చట్టాలు చేస్తున్నారు, మీరు కవర్ తీసుకున్న కూలీ దగ్గర ఆగిపోయారు 🙏 ఇంకోటి, మా అపార్ట్‌మెంట్‌కి ఎలక్షన్ ముందు సీసీ కెమెరాలు పెట్టించి లిఫ్ట్ బాగుచేయించారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్ నిండా దండాలే దండాలు. లంచం అని ఒక్కడు అంటే ఒట్టు.

తెనాలి మాస్టారు:
అదీ తప్పే, కాదన్నానా. నేనెందుకింత బాధపడుతున్నానో చెప్తాను వినండి. మా తమ్ముడు పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి నిలబడ్డాడు, పైసా పంచను అని ముందే చెప్పాడు. ఇంటికొచ్చి "అయ్యా మీలాంటోళ్లే రావాలి" అని చేతులు పట్టుకున్నవాళ్లే పోలింగ్ ముందురోజు రాత్రి అవతలివాళ్ల దగ్గర కవర్లు తీసుకున్నారు. డిపాజిట్ కూడా రాలేదు. వాడు ఆ తర్వాత ఊళ్లో కాలు పెట్టలేదు. మనుషుల్లో విలువలు చచ్చాయి అనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు.

నల్గొండ పోరడు:
బాధ ఉంటది సార్, కాదంటలే. కని అడుగుత, మీ తమ్ముడు నిలబడకముందు మాలపల్లె దిక్కు ఎన్నిసార్లు పోయిండు? పైసలు పంచకపోవుడు ఒక్కటే అర్హతనా? ఇల్లందుల గుమ్మడి నర్సయ్య అయిదు సార్లు ఎమ్మెల్యే అయిండు, కవర్లు పంచి గాదు. ఎందుకేసిన్రు? జనం నడుమ తిరిగిండు కాబట్టి.

తెనాలి మాస్టారు:
నా తమ్ముడి గురించి నీకేం తెలుసని మాట్లాడుతున్నావు? మర్యాద నేర్చుకో. మా కుటుంబం ఆ ఊరికి ఏం చేసిందో ఊళ్లో ఎవర్నైనా అడుగు. 1978 ఎన్నికల్లో ఎవరూ ఎవరికీ అర్ధరూపాయి ఇచ్చి ఎరగరు. ఊరి అధికారి అయిన మునసబుగారు, అంటే మా నాన్నగారు, రచ్చబండ దగ్గర ఒక్క మాట చెప్తే ఊరంతా అటే వేసేది. అదీ మాటకున్న విలువ! ఆ రోజుల్లో నోటు లేదు, సీసా లేదు.

నల్గొండ పోరడు:
ఇగో, ఇప్పుడు బయటపడ్డది 😀 అసలు లొల్లి ఇదే సార్. మీ నాయన ఒక్క మాట చెప్పిండు, ఊరంత వేసింది. వెయ్యకపోతే ఏమైతుండెనో కూడా చెప్పరాదు? మా ఊర్ల పటేల్ ఉండె. మా తాత ఆయన చేన్ల పనిచేసేటోడు. ఓట్ల దినం పొద్దుగాల పటేల్ మనిషి వచ్చి అందరిని ఎడ్లబండి మీద ఎక్కించుకపోయి గుర్తు చూపెట్టి ఓటేయించి మళ్ల తెచ్చి దింపేటోడట. అప్పుడు నోటు లేదంటే అందరు నీతిమంతులని గాదు, మా ఓటుకు ధర పెట్టే పనే లేకుండె, అది ఆల్రెడీ వాళ్లదే. 1984ల ఎన్టీఆర్ పటేల్, మునసబు కొలువులు తీసేసిండు, ఆ తర్వాత మా ఇంటికొచ్చి అడుక్కునుడు షురువైంది. మీకు గది పతనం. మాకు మొదటిసారి ఒకడు మా గడప ముందట నిలబడుడు.

విశాఖ సుజాత:
ఇద్దరికీ ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద కదిలారు, మరుసటేడు ప్రభుత్వం సారా నిషేధించింది. మొగుళ్లకి నీతులు చెప్పీ చెప్పీ విసిగిపోయి, దుకాణమే మూయించారు. కవర్ విషయంలో కూడా అలాగే ఆగాలి, ఒక్కొక్కరినీ బుద్ధిగా ఉండండి అంటే ఆగదు.

కోనసీమ కుర్రోడు:
1995లో మొత్తం మద్యం ఆపేసి 97కల్లా మళ్లీ తెరిచేశారు కదండీ. ఆగిందెక్కడ?

విశాఖ సుజాత:
తెరిచింది గవర్నమెంటు బాబూ, దూబగుంట కాదు.

తెనాలి మాస్టారు:
@నల్గొండ పోరడు మా నాన్నగారు ఎవర్నీ బండెక్కించలేదు. ఎక్కడో మీ ఊరి కథ తెచ్చి ఆయనకి అంటగట్టకు. పోయిన మనిషిని ఇందులోకి లాగొద్దు.

నల్గొండ పోరడు:
తెచ్చింది మీరే సార్.

తెనాలి మాస్టారు:
సరే. సూటిగా అడుగుతున్నా, నువ్వు తీసుకున్నావా? తీసుకోకపోతే ఇంత వెనకేసుకు రావడం ఎందుకు?

నల్గొండ పోరడు:
నేను తీసుకోలే. వద్దని వాపస్ పంపిన. తెల్లారి మా అమ్మ పోయి నా వాటా కూడ తెచ్చింది, నన్ను తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టింది. ఎందుకో ఎరుకేనా? లిస్టుల టిక్ పడకపోతే వీళ్లు అవతలి పార్టీ అని రాసుకుంటరు. రేపు ఇండ్ల లిస్టు వచ్చినప్పుడు, పింఛన్ల లిస్టు వచ్చినప్పుడు ఆ కాగితమే తీస్తరు. మీ తమ్ముడు తీసుకోకపోతే ఆయన పెద్దమనిషి, మా అమ్మ తీసుకోకపోతే శత్రువు. మనం నీతిగ ఉందాం, మనతోనే మొదలు అంటున్రు గద, ఆ "మనం" ఎవరు సార్?

తెనాలి మాస్టారు:
ఈ సంగతి మొదటే చెప్పాల్సింది.

నల్గొండ పోరడు:
మీరు అడగలే. ప్రవచనం చెప్పిన్రు.

ప్లీడరు గుంటూరు:
ఆ టిక్ పెట్టిన లిస్టే అసలు సాక్ష్యం బాబూ. ఎన్నికల సంఘం సీవిజిల్ యాప్ 2018 నుంచి ఉంది. అక్కడికక్కడే ఫొటోనో వీడియోనో తీసి పంపితే లొకేషన్‌తో సహా వెళ్తుంది, పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు.

నల్గొండ పోరడు:
పేరు లేకుంటే ఏంది సార్, లొకేషన్ పోతది గద. మా గల్లీల ఉన్నయే పన్నెండు ఇండ్లు.