పాత టోపో షీటు 200 మీటర్లు పక్కకి పడుతోంది, ఎందుకు?

నల్లమల_దారి: శ్రీశైలం టోపో షీటు (ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపు), నంబరు 56 ఎల్/16, మైలుకి అంగుళం స్కేలు. గుడ్డకి అతికించి మడతపెట్టిన పాత కాపీ. ఫోన్ ఫొటోని క్యూజీఐఎస్‌లో (మ్యాపుల సాఫ్ట్‌వేర్) నాలుగు మూలలు పట్టించి 4326 (జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 పద్ధతి కోడు) ఇచ్చాను. గుడి ఆగ్నేయంగా 200 మీటర్లు జరిగింది. మధ్యలో వాగులు ఒకచోట కలుస్తున్నాయి, ఇంకోచోట కలవట్లేదు. డ్యాం కట్టకముందు కృష్ణ లోయ ఎలా ఉండేదో గీయాలి. హైదరాబాద్‌లో ఎక్కడ స్కాన్ చేయించాలి?

గట్టుమీద: 200 మీటర్లు మీ తప్పు కాదండీ. అంచున అచ్చేసిన అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ గోళాభం (పాత సర్వేలు భూమికి అనుకున్న ఆకారం) మీదివి, మీరు డబ్ల్యూజీఎస్84 అనుకున్నారు. శ్రీశైలం దగ్గర అసలు చోటు పడమరకి సుమారు 147, ఉత్తరానికి 129 మీటర్లు. కాగితం మీద 3 మిల్లీమీటర్లే. జియోరెఫరెన్సర్‌లో (బొమ్మని నేల మీది చోటికి పట్టించే క్యూజీఐఎస్ పనిముట్టు) 4146 (కల్యాణ్‌పూర్ 1975) ఎంచుకోండి, మిగతాది క్యూజీఐఎస్ చూసుకుంటుంది. చేత్తో జరపొద్దు, పక్క షీటుతో అతకదు.

స్కాన్_పిచ్చి: వాగుల గోల గుడ్డది. మడతల కోసం షీటుని ముక్కలుగా కోసి, మధ్యలో సందు వదిలి అతికిస్తారు. 2 మిల్లీమీటర్ల సందంటే నేల మీద 125 మీటర్లు! ముందు గింప్‌లో (ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్) ముక్కలు జరిపి కాంటూర్లు (ఒకే ఎత్తుని చూపే గీతలు) కలపండి. తర్వాత ప్రతి 5 నిమిషాల గీతల కూడలిలో పాయింటు పెట్టండి, షీటుకి 16 వస్తాయి. బొమ్మని సర్దే పద్ధతుల్లో పాలినామియల్ 1 చాలు. థిన్ ప్లేట్ స్ప్లైన్ వాడితే రెసిడ్యువల్ (పాయింటు దగ్గర మిగిలే తేడా) ఎప్పుడూ సున్నానే, తప్పుగా కొట్టిన పాయింటు కూడా కనపడదు.

సిటీలో ప్లాన్లు జిరాక్స్ తీసే షాపులో రోలర్ స్కానర్ ఉంటుంది, కానీ గుడ్డ షీటు ఇవ్వకండి. మడతల దగ్గర జారి బొమ్మ పొడవునా సాగుతుంది. ఫ్లాట్‌బెడ్ మీద రెండు మూడు సార్లుగా, 400 డీపీఐ. పిక్సెల్‌కి 4 మీటర్లు. ఫోన్ ఫొటో మరచిపోండి.

గట్టుమీద: ఇంకోటి. నల్ల గీతలన్నీ బాటలనుకోకండి, ఎండిపోయే వాగులూ నల్లగానే వేస్తారు. రిజర్వాయర్ పూర్తి మట్టం 885 అడుగులు, షీటు మీద కాంటూర్లు 50 అడుగులకొకటి. ఆ నీటి అంచుని 850, 900 గీతల మధ్య, 850 నుంచి 0.7 వంతు దూరంలో గీయాలి. శ్రీశైలం దగ్గర లోయ నిటారు, గీతలు అంటుకుపోయి ఉంటాయి, తప్పు పెద్దగా తేలదు. పైకి కొల్లాపూర్ వైపు చదును, అక్కడ కొద్ది అడుగుల తేడాకే అంచు బాగా దూరం జరుగుతుంది. ఆ భాగం చుక్కల గీతగానే ఉంచండి.