సణుగుడు మానడమంటే నోరు మూసుకోవడమా?

పటమట విశ్వాసి:
అందరికీ వందనాలు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, కుళాయి రాకపోయినా, కరెంటు పోయినా మన నోటికి ముందొచ్చేది సణుగుడే. "సణుగులును సంశయములును మాని, సమస్త కార్యములను చేయుడి" అని బైబిల్లో ఫిలిప్పీ 2:14. అపొస్తలుడు పౌలు ఆ మాట రాసింది సంకెళ్లలో ఉండి. నేనేం చేస్తున్నానంటే, విసుగు రాగానే సంగతి ముందు ప్రభువుకు చెప్పుకుంటాను. తర్వాత దాన్ని బాగుచేయగల మనిషికి ఒక్కసారి చెబుతాను. మూడో మనిషి చెవిన వేయను. ఇంట్లో గొడవలు బాగా తగ్గాయి. విశ్వాసి అసలు సణగకూడదనే నా నమ్మకం. మీరేమంటారు?

బ్రాడీపేట:
ఆమేన్.

సింగ్‌నగర్ చెల్లి:
అన్నయ్య గారూ, ఆ బాగుచేయగల మనిషి వినకపోతే? 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. జాబితాలో మా పేరు లేదు. ఆఫీసుకు వెళ్తే ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్ల దగ్గరికి తిప్పారు. ఒక్కసారి చెప్పి ఊరుకోవాలా? లూకా 18లో విధవరాలు న్యాయాధిపతి దగ్గరికి ఒక్కసారే వెళ్లిందా?

పటమట విశ్వాసి:
ఆమె న్యాయం అడిగింది, సణగలేదు. సంఖ్యాకాండం 11 చదవండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులు, దేవుడిచ్చే మన్నా అనే ఆహారం రోజూ దొరుకుతున్నా, ఐగుప్తు చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు తలుచుకుని ఏడ్చారు. అంతకుముందే సణిగినందుకు పాళెం చివర అగ్ని రగిలింది. అయినా బుద్ధి రాలేదు.

గుంటూరు లూథరన్:
ఆ అధ్యాయంలోనే వాళ్లను నడిపించిన మోషే కూడా "ఈ జనాన్నంతా నేను కన్నానా, ఈ బరువు మోయలేను, నన్ను చంపెయ్" అన్నాడు. దేవుడు ఆయన మీద అగ్ని పంపలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దల్ని ఇచ్చాడు.

పటమట విశ్వాసి:
మోషే దేవుడు వాగ్దానం చేసిన కనానులో అడుగు పెట్టలేదు. మర్చిపోకండి.

గుంటూరు లూథరన్:
అది మెరీబాలో నీళ్ల కోసం, దేవుడు మాట్లాడమన్న బండను కొట్టినందుకు. 20వ అధ్యాయం. దీనికీ దానికీ ముడి పెట్టకండి సార్.

పటమట విశ్వాసి:
మెరీబాలో ఆయనకు కోపం తెప్పించింది ఎవరు? జనమే. కీర్తన 106:32, 33 చూడండి. ఒకరు సణిగితే పక్కవాడికి శిక్ష పడింది.

కొత్తపేట:
చెల్లి గారి జాబితా గాలికి వదిలేసి మీరిద్దరూ బండ దగ్గరే కూర్చున్నారు.

సింగ్‌నగర్ చెల్లి:
జాబితా కూడా పోనీయండి. వరద తర్వాత మా సంఘంలో బియ్యం, దుప్పట్లు పంచారు. మా అమ్మకూ, మా వీధిలో ఇంకో ఇద్దరు విధవరాండ్రకూ అందలేదు. అడిగితే ఒక పెద్ద అందరిముందూ నాకు ఫిలిప్పీ 2:14 చదివి వినిపించారు! మా అమ్మ తల దించుకుని వచ్చేసింది. అపొస్తలుల కార్యములు 6లో కూడా విధవరాండ్రకు రోజూ పంచేది అందలేదనే సణిగారు కదా. అపొస్తలులు వాళ్లకు వాక్యం చెప్పి ఇంటికి పంపారా? ఆ పనికి ఏడుగురిని ఏర్పాటు చేశారు. మీ వాక్యంతో ఎవరి నోరు మూయిస్తున్నారో ముందు చూసుకోండి.

పటమట విశ్వాసి:
"మీ వాక్యం" ఏంటమ్మా? మా నాన్న బతికినన్నాళ్లూ జీతం మీద, కూర మీద, పాస్టరు గారి మీద సణుగుతూనే ఉన్నారు. అమ్మ ఒక్కపూట ప్రశాంతంగా అన్నం తిన్నది లేదు. నా పిల్లలకు ఆ ఇల్లు వద్దనుకున్నాను. ఆ వాక్యం పట్టుకునే నేను బయటపడ్డాను. దాన్ని తీసిపారేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

గుంటూరు లూథరన్:
మీ నాన్నగారి సణుగుడూ, ఆ ముగ్గురు అడిగిన బియ్యమూ ఒకటేనా? అవునో కాదో చెప్పండి.

పటమట విశ్వాసి:
ఒకటి కాదు. బియ్యం ఇచ్చి ఉండాల్సింది. కానీ చెల్లెమ్మా, అలాంటివి కమిటీలో అడగాలి. ఆరాధన అయ్యాక పదిమందిలో అడిగితే ఏ పెద్దకైనా కోపం వస్తుంది.

సింగ్‌నగర్ చెల్లి:
మా కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. మమ్మల్ని ఆ గదిలోకి పిలవరు. పదిమందిలో కాకపోతే ఎక్కడ అడగమంటారు అన్నయ్య గారూ?