అప్‌డేట్: అమ్మకు గ్రూప్ దొరికింది

నాన్న తాగుడుతో అమ్మ నలిగిపోతోంది, హైదరాబాద్‌లో తెలుగులో మాట్లాడుకునే సపోర్ట్ గ్రూప్ ఏదైనా ఉందా అని అడిగాను కదా. దొరికిందండీ.

ముందు 14416కి చేశాను. టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను. రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. నేను నాన్న గురించే చెప్పుకుపోతుంటే అవతలి ఆవిడ "అమ్మగారు నిద్రపోతున్నారా?" అనడిగింది. మా చుట్టాల్లో ఒక్కరూ అడగని మాట.

ఒక ప్రైవేటు క్లినిక్‌లో గ్రూప్ థెరపీ అంటే ముందే ప్యాకేజీ డబ్బులు కట్టమన్నారు. వద్దనుకున్నాం.

మీలో ఒకరు చెప్పిన అల్-అనాన్‌ గ్రూప్‌కే వెళ్తోంది అమ్మ ఇప్పుడు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) తాగుడు మానాలనుకునేవాళ్ల గ్రూప్, ఇది తాగేవాళ్ల ఇంటివాళ్లకి. తాగే మనిషి మానకపోయినా మనం వెళ్లొచ్చు. ఫీజు లేదు, ఇష్టమైతే చందా వేయొచ్చు. డాక్టరు నడిపే థెరపీ మాత్రం కాదు, అది గుర్తుంచుకోండి.

"ఇంటి గుట్టు నలుగురిలోనా?" అని అమ్మ మొదట కొంగు నలుపుతూ కూర్చుంది. తర్వాతెప్పుడో, చీటీ డబ్బులు బియ్యం డబ్బాలో దాచే సంగతి చెప్పిందట. పక్కావిడ "నాది కందిపప్పు డబ్బా" అందట. ఇద్దరూ ఒకటే నవ్వు!

నాన్న ఇంకా తాగుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చట, అందుకే ఇంట్లో బలవంతం చేయట్లేదు. ఒప్పుకున్న రోజు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్తాం.