మారతహళ్లి పీజీకి ఎస్‌ఈఓ కంపెనీ: డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

పీజీ_ఓనర్:
బెంగళూరు మారతహళ్లిలో 60 బెడ్ల జెంట్స్ పీజీ మాది. ఒక ఎస్‌ఈఓ (గూగుల్ వెతుకులాటలో సైట్‌ను పైకి తెచ్చే పని) కంపెనీవాళ్లు నెలకు 25,000 చొప్పున ఆరు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. మూడు నెలల్లో గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ, నెలకు 500 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మా సైట్‌కు లింకులు) అంటున్నారు, డొమైన్ (సైట్ అడ్రస్) కూడా వాళ్లే కొంటారట. ఒప్పుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

సెర్చ్_పనివాడు:
గ్యారంటీ అన్నచోటే ఆగిపోండి అన్నా. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన సైట్‌లో రాసిపెట్టింది. మరి వీళ్లెలా ఇస్తారంటే, ఎవరూ వెతకని మాట పట్టుకుంటారు. "మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఆంధ్రా భోజనంతో టూ షేరింగ్ ఏసీ జెంట్స్ పీజీ" అని ఎవరు కొడతారు చెప్పండి? దానికి మొదటి స్థానం వస్తుంది, రిపోర్టులో పచ్చ బాణం కనిపిస్తుంది, ఫోన్ మాత్రం మోగదు. ఏ మాటలకు పని చేయాలో మీరే రాసివ్వండి. నెలనెలా సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే ఉచిత టూల్) ఆ మాటలకు ఎన్ని క్లిక్‌లు వచ్చాయో మీరే చూడండి.

500 లింకులైతే అసలే వద్దు. అవి వాళ్ల చేతిలో ఉన్న పనికిరాని బ్లాగుల నుంచే వస్తాయి. 2012లో గూగుల్ ర్యాంకింగ్‌లో పెంగ్విన్ అనే మార్పు వచ్చిందే ఇలాంటి వాటి మీద. ఇప్పుడు గూగుల్ చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోదు, అంటే మీ డబ్బు నీళ్లపాలు. గూగుల్ మనిషే చూసి మాన్యువల్ యాక్షన్ (సైట్‌కు శిక్ష) వేస్తే ఇంకా కష్టం: ఒక్కో సైటువాళ్లకు రాసి లింకులు తీయించాలి, తీయనివాటిని డిసావో ఫైల్‌లో (ఈ లింకులు లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితా) పెట్టాలి, ఆ తర్వాత రీకన్సిడరేషన్‌కు, అంటే మళ్లీ పరిశీలించమని, అర్జీ పెట్టుకోవాలి.

మ్యాప్స్_అక్క:
పీజీకి వెబ్‌సైట్ కంటే మ్యాప్స్ ముఖ్యమండి, గది వెతికేవాళ్లు ముందు అక్కడే చూస్తారు. ఈ కంపెనీలు బోర్డు మీద లేని "బెస్ట్ పీజీ ఇన్ మారతహళ్లి" లాంటి మాటలు మ్యాప్స్‌లోని మీ బిజినెస్ ప్రొఫైల్ పేరులో తగిలిస్తాయి, దొంగ రివ్యూలు వేయిస్తాయి. రెంటికీ ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు.

ఇంకోటి, బెళ్లందూరు, కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ అని ఏరియా పేరు మార్చి ఒకటే పేజీని ఇరవై సార్లు అతికిస్తారు. వీటిని డోర్‌వే పేజీలంటారు, గూగుల్ స్పామ్ నిబంధనల్లో పేరుతో సహా ఉన్నాయి. మీకు బిల్డింగ్ ఉన్నది ఒక్కచోటే కదా!

డొమైన్ మీ పేరున, మీ మెయిల్ ఐడీతో, మీ కార్డుతోనే కొనండి. వాళ్ల పేరున ఉంటే గొడవ వచ్చిన రోజు సైట్ వాళ్లతోనే పోతుంది.

పీజీ_ఓనర్:
అయ్యో, సెర్చ్ కన్సోల్‌లోనూ మ్యాప్స్‌లోనూ వాళ్లకు నిన్ననే ఓనర్ యాక్సెస్ ఇచ్చేశాను.

మ్యాప్స్_అక్క:
కంగారు పడకండి. బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్ మీరేనా అని ఇవాళే చూడండి. మీరే అయితే వాళ్లను మేనేజర్‌గా మార్చండి, మేనేజర్‌కు ఇంకొకరిని చేర్చే, తీసేసే అధికారం ఉండదు.

సెర్చ్_పనివాడు:
సెర్చ్ కన్సోల్‌లో వాళ్లకు "ఫుల్" యూజర్ చాలు. అయితే వాళ్లు సైట్ తమదేనని సొంతంగా వెరిఫై చేసుకుని ఉంటే పేరు తీసేసినంత మాత్రాన పోరు. డీఎన్‌ఎస్‌లో (డొమైన్ సెట్టింగుల్లో) వాళ్లు పెట్టిన టీఎక్స్‌టీ రికార్డో, సైట్‌లో పెట్టిన హెచ్‌టీఎంఎల్ ఫైలో వెతికి తీసేయండి. అది ఉన్నంతకాలం వాళ్లు మళ్లీ ఓనర్‌గా లోపలికి రాగలరు.