కీమో నడుస్తుండగా పసుపు మాత్రలు వేయొచ్చా?

ఖమ్మం అక్క: మా తమ్ముడికి హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్. ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో మూడో సైకిల్ నడుస్తోంది. అందులో బ్లియోమైసిన్ వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే ప్రమాదం ఉందని డాక్టర్ గారు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. మా బాబాయి కర్క్యుమిన్ (పసుపులోని సారం) క్యాప్సూల్స్ డబ్బా తెచ్చిచ్చారు. నిన్న రాత్రి వాడు మేడ మెట్లెక్కుతూ సగంలో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయాడు. క్యాప్సూల్స్ మొదలుపెట్టనా?

పెరటి వైద్యం: మొదలుపెట్టమ్మా. చెన్నై తోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు 2000లోనే చూపించారు. బ్లియోమైసిన్ ఎక్కించిన ఎలుకలకు కర్క్యుమిన్ ఇస్తే ఊపిరితిత్తుల్లో వాపు, ఫైబ్రోసిస్ (గట్టిపడటం) తగ్గాయి. తరాలుగా తింటున్న పసుపేగా!

మందుల షాపు తమ్ముడు: అన్నా, ఆ పరిశోధన నిజమే. కానీ ఆ ఎలుకలకు క్యాన్సర్ లేదు. బ్లియోమైసిన్ ఇనుముతో, ఆక్సిజన్‌తో కలిసి ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది. క్యాన్సర్ కణం డీఎన్‌ఏని తెంచేది అవే. ఈ మందును విరగ్గొట్టే ఎంజైము ఊపిరితిత్తుల్లో బాగా తక్కువ, అందుకే అక్కడ దెబ్బ. కర్క్యుమిన్ యాంటీఆక్సిడెంట్, అంటే ఆ ఫ్రీ రాడికల్స్‌ని అణిచేది. మరి అది ఊపిరితిత్తిని మాత్రమే కాపాడి, క్యాన్సర్ గడ్డను వదిలేస్తుందని ఎలా నమ్మాలి? అమెరికాలో 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను గమనించి 2020లో ప్రచురించారు. కీమోకి ముందూ, కీమోలోనూ యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది.

పెరటి వైద్యం: అది గమనించడమే తప్ప ట్రయల్ కాదు. అందులో బ్లియోమైసిన్ కూడా లేదు.

మందుల షాపు తమ్ముడు: ఒప్పుకుంటాను, అది రుజువు కాదు. కానీ నయమయ్యే అవకాశం బాగా ఉన్న జబ్బులో, ఆ అనుమానాన్ని పిల్లాడి మీద పరీక్షించలేం కదా అన్నా. పప్పులో పసుపు మానమనడం లేదు. క్యాప్సూల్‌లో ఉండేది దానికి ఎన్నో రెట్లు.

అక్కా, క్యాప్సూల్స్ సంగతి తర్వాత. మెట్ల మీద ఆగాడన్నారే, అది ఇప్పుడే డాక్టర్‌కి చెప్పాలి. పొడి దగ్గు ఉన్నా చెప్పండి. చూడకుండా తర్వాతి డోసు ఎక్కించనివ్వకండి. రెండు సైకిళ్ల తర్వాత పెట్ స్కాన్ బాగుంటే బ్లియోమైసిన్ తీసేసి మిగతా మూడు మందులతో కొనసాగించినా ఫలితం దాదాపు అంతేనని 2016లో పెద్ద ట్రయల్ తేల్చింది. వాడి స్కాన్ ఎలా వచ్చిందో, బ్లియోమైసిన్ తీసేయొచ్చో అడగండి.

పెరటి వైద్యం: ఆయాసం సంగతి నేను సరిగా చదవలేదమ్మా. షాపు తమ్ముడు చెప్పినట్టు ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి.

ఖమ్మం అక్క: చేశాను. పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. స్కాన్ రిపోర్టుతో పాటు డబ్బా కూడా సంచిలో పెట్టాను, సీలు తీయలేదు.