బీజింగ్ సమ్మర్ ప్యాలెస్: జూలైలో మధ్యాహ్నం పూట వెళ్లొచ్చా?

నడకరాయుడు: అమ్మానాన్నలతో బీజింగ్ వెళ్తున్నాం. పొద్దున ఫర్బిడెన్ సిటీ, భోజనాలయ్యాక సమ్మర్ ప్యాలెస్ అంటున్నాడు టూర్ అతను. పెద్దవాళ్లు తట్టుకుంటారా? అమ్మకి మోకాళ్ల నొప్పులు.

వూహాన్_మెడికో: నిక్షేపంగా వెళ్లొచ్చన్నా. ఎండాకాలం గడపడానికి రాజులు కట్టుకున్న తోటే అది, ముప్పాతిక వంతు నీళ్లే. ఒడ్డు వెంట 728 మీటర్ల పొడవున కప్పున్న వరండా ఉంటుంది. దూలం దూలానికీ ఒక బొమ్మ, పక్కనే కూర్చోడానికి చెక్క అరుగులు.

సీతమ్మధార_సుబ్బు: ఆ అరుగుల మీద చోటు దొరికితే నాకు చెప్పండి. జూలై అక్కడ వానాకాలం, ఉక్కపోత మన వైజాగ్‌కి ఏమీ తీసిపోదు. సరస్సు ఒడ్డున పడవ ఆకారంలో కట్టిన పాలరాతి పడవని చూడమంటారు, తీరా చూస్తే పైనంతా చెక్క, దానికి పాలరాయిలా రంగు! అదీ చైనా నౌకాదళానికి పెట్టాల్సిన డబ్బుతో. 1895లో జపాన్ చేతిలో ఓడిపోక ఏం చేస్తారు?

వూహాన్_మెడికో: అడుగుభాగం రాయే సార్. 1755లో చియన్‌లాంగ్ చక్రవర్తి వేయించింది. పైభాగాన్ని 1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు తగలబెట్టాయి. సీషీ రాణి 1893లో మళ్లీ కట్టించింది.

సీతమ్మధార_సుబ్బు: చెక్కా కాదా? ఆ ఒక్కటి చెప్పు.

వూహాన్_మెడికో: చెక్కే. అయితే?

రాజీ_కె: చర్చ ఎండ గురించి అనుకున్నానే 😀

సీతమ్మధార_సుబ్బు: అయితే ఏమిటా? మా కంపెనీలో మా పీఎఫ్ డబ్బు తీసి ఎండీగారి గెస్ట్‌హౌస్‌కి లాన్ వేయించారు. అడిగినవాణ్ణి పక్క బ్రాంచికి తోలారు. ఆ లాన్‌ని కూడా వచ్చినవాళ్లంతా "ఎంత బాగుందో" అన్నవాళ్లే. నాకు ఒళ్లు మండదా?

వూహాన్_మెడికో: మీ ఎండీ మీద కోపం ఆవిడ మీద తీర్చుకుంటే ఎలా? తగలబెట్టినవాళ్లని ఒక్క మాట అనరు. 1900లో ఎనిమిది దేశాల సైన్యం మళ్లీ పాడుచేసింది, వాళ్లనీ అనరు. ఓడిపోయిన యుద్ధానికి మాత్రం ఆడమనిషి తోట కారణం! సేనానులు, మంత్రులు అందరూ మంచోళ్లేనా?

సీతమ్మధార_సుబ్బు: తగలబెట్టినవాడు దొంగే, కాదన్నానా? నా బాధ వేరు. కట్టినవాళ్ల పేరుంది, కాల్చినవాళ్ల పేరుంది. ఎవరి జీతంలోంచి కోసి కట్టారో వాళ్ల గురించి అక్కడ ఒక్క బోర్డైనా చూశావా నువ్వు?

వూహాన్_మెడికో: నేను చూడలేదు. అలాగని చూడ్డం మానేస్తే తాజ్‌మహలూ మానేయాలి. నేను మానను.

సీతమ్మధార_సుబ్బు: నేను మానేశాను. గేటు దాకా వెళ్లి బయట కూర్చున్నాను, మా ఆవిడ వెళ్లొచ్చింది.

రాజీ_కె: లోపలికే వెళ్లకుండా అరుగుల మీద చోటు లేదని ఎలా చెప్పారండీ?

నడకరాయుడు: అయ్యా, అక్కడ కొండ కూడా ఉందట, అది ఎక్కాలా వద్దా?

రాజీ_కె: ఎక్కక్కర్లేదు. ఉత్తర ద్వారం నుంచైతే ఎక్కాలి. తూర్పు ద్వారం దగ్గర దింపమనండి, వరండా దాకా అంతా చదునే. నడవలేకపోతే సరస్సులో తిరిగే పడవలున్నాయి.